పూలకాడ

రాయపూర్ దాటింది. ఇక మిగిలింది ముప్పావు గంట, సిగ్నలు దొరక్కపోతే గంట, ఆ గంటలోగా తను నోరు తెరవాలి, తెరవకపోతే బాబాయి భిలాయి పవర్‌హౌస్ స్టేషన్లో కాలు పెట్టగానే ఖరగ్‌పూర్‌కి ఫోను చేసి ఈ సంబంధం మాకొద్దని చెప్పేస్తాడు, అందుకు మాటలు కూడా కూర్చుకుని ఇందాక టీ తాగుతూ పిన్నికి వినిపించాడు, అనుకుంటూ భాగ్యరేఖ కిటికీ ఊచకి చెంప ఆనించి కూర్చుంది. నోరు తెరిచి ఏం చెప్పాలో మాత్రం తెలియడం లేదు. రానివాడి తరఫున ఏమని వాదిస్తుంది? నిన్న పొద్దున్న ఆరింటికి రమ్మన్నవాడు రాలేదు, గంటన్నర నిలబడినా రాలేదు, అంతవరకూ నిజం. కానీ రెండు రోజులు పక్కన నడిచిన మనిషి అలాంటివాడు కాదని మనసు చెబుతోంది, సాక్ష్యం చూపించమంటే చూపించడానికి ఏమీ లేదు. ఎదురు సీట్లో పిన్ని రజనీకుమారి జడ వేసుకుంటోంది, పళ్ళ మధ్య క్లిప్పు ఉండడం వల్ల కాసేపు మాట్లాడడం లేదు, అదొక మేలు. చిన్నప్పటి నుంచీ ఇంతే, తను మాట్లాడదు, ఆ మాట్లాడకపోవడాన్ని ఎవరికి కావలసినట్టు వాళ్ళు అర్థం చేసుకుంటారు. టెక్కలి దగ్గర ఊళ్ళో బడి మేష్టారు బుద్ధిమంతురాలన్నాడు, అమ్మ మొండిదంది, రెండేళ్ళ కిందట భిలాయి తీసుకొచ్చిన పిన్ని మా అక్క కూతురికి తలపొగరు లేదని సెక్టర్ ఏడులో ఇంటింటికీ చెప్పింది. నిన్న సాయంత్రం హౌరా స్టేషన్లో కూడా అంతే, వద్దనేయమంటావా అని బాబాయి అడిగాడు, తను నేల చూసింది, ఆయన దాన్ని ఔననుకున్నాడు. కిటికీ బయట ఇళ్ళ వెనక పక్కలు, ఆరేసిన చీరలు, ఒక మేడ మీద నిలబడి పళ్ళు తోముకుంటున్న మనిషి, అతను రైలుకి చెయ్యి ఊపాడు, నురగ నోటితోనే నవ్వాడు, ఆమెకీ నవ్వొచ్చింది.

అసలు ఈ ప్రయాణం పెళ్ళిచూపులు కాదని ముందే అనుకున్నారు. పళ్ళేల్లో స్వీట్లు పెట్టుకుని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం ఎందుకు, మీరు కలకత్తా రండి, మేమూ సంత్రాగాచిలో మా చెల్లెలింటికి వస్తాం, మూడు రోజులు ఊరంతా తిరుగుదాం, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చూసుకుంటారు, అని అబ్బాయి తల్లి పోలమ్మగారు ఫోనులో అంటే పిన్ని మురిసిపోయింది, పిన్నికి అప్పటికి పద్ధెనిమిదేళ్ళుగా కలకత్తా చూడాలని ఉంది. ఊళ్ళో అమ్మయితే, మీ పిన్ని చూసిందంటే నాను చూసినట్టేనే అనేసింది. అలా మొదటి రోజు స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా ఆకాశంలో సగం మేర ఆ వంతెన. బాబాయి త్రినాథరావు నడక ఆపేశాడు. భిలాయి రైలు పట్టాల మిల్లులో ముప్పై ఏళ్ళు ఎర్రగా కాలిన ఇనుము చూసిన మనిషి, ఇంట్లో ఎప్పుడూ తల ఎత్తి ఏదీ చూడనివాడు, ఆ రోజు మెడ వెనక్కి విరిగిపోయేలా చూశాడు. దగ్గరికి వెళ్ళి ఒక దూలాన్ని అరచేత్తో తట్టాడు, పశువుల సంతలో ఎద్దు వీపు తట్టినట్టు. "ఒక్క నట్టు నేదు, ఒక్క బోల్టు నేదు, అంతా రివిట్లే. చూసేవేటే రేకా, పనోళ్ళంటే ఆళ్ళు," అన్నాడు. వెనకనుంచి జనం తోసుకుంటూ పోతున్నారు, తలల మీద బుట్టలు, మూటలు, ఒకడి నెత్తి మీద నిలువుటద్దం, ఆ అద్దంలో వంతెన తలకిందులుగా కదులుతూ పోయింది. అప్పుడు చూసింది, తల్లితో స్టేషన్‌కి ఎదురొచ్చిన అబ్బాయి అనిల్‌కుమార్‌ని. అందరి నీళ్ళ సీసాలూ తనే మోస్తున్నాడు, గళ్ళ చొక్కా, జేబులో పెన్ను, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో టెక్నీషియను. బాబాయి దూలం తడుతుంటే అతనూ వచ్చి ఒక రివిట్ తల మీద బొటనవేలు పెట్టి చూశాడు. తర్వాత ఆమె కూడా, ఎవరూ చూడకుండా, ఆ రివిట్ మీదే బొటనవేలు పెట్టింది. వెచ్చగా ఉంది, ఎండకో, అతని వేలికో. వంతెన అంచున ఆగి కిందికి చూస్తే నది ఒడ్డున పసుపూ నారింజా కుప్పలు. అతను చెయ్యి చాపి, అదిగో పూలు, అన్నాడు. అతను ఆమెతో అన్న మొదటి మాట అదే.

అతని తెలుగు తలుచుకుంటే ఇప్పటికీ పెదవుల చివర నవ్వు ఆగదు. ఖరగ్‌పూర్‌లోనే పుట్టి, వీధిలో బెంగాలీ, బడిలో హిందీ, వర్క్‌షాపులో ఇంగ్లీషూ అయ్యాక మిగిలిన కాస్త చోటులో తెలుగు కూర్చోబెట్టుకున్నాడు. మా అమ్మ వచ్చాడు అంటాడు, మా నాన్న ఇంట్లో ఉంది అంటాడు, పిన్నిగారూ నువ్వు కూర్చో అంటాడు, పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. విక్టోరియా మెమోరియల్ దగ్గర ఆ తెల్లటి మేడ చుట్టూ తిరుగుతుంటే పోలమ్మగారు అన్నీ తనే కట్టించినట్టు చూపించింది. బాబాయికి అది నచ్చలేదు. "పాలరాయేటి, బండేగదా. పగిలిపోతే దీన్ని కరిగించి మళ్ళీ పోత పొయ్యగలమేటి?" అన్నాడు. అక్కడినుంచి మైదానం, పట్నం నడిమధ్యలో అంత గడ్డి ఎలా ఉందో, ఎవరూ దున్నేయకుండా ఎలా వదిలారో, ఒక పక్క మేకల మంద, ఒక పక్క గుర్రాలు, మధ్యలో పది క్రికెట్టు ఆటలు ఒకదాని బంతి ఒకదానిలో పడుతూ. అందరూ గడ్డి మీద కూర్చుని కాగితం పొట్లాల్లో మసాలా మరమరాలు తిన్నారు. భాగ్యరేఖ ఆ మేకల్ని చూస్తోంది, ఊళ్ళో వాళ్ళకీ ఉండేవి, కానీ ఈ మేకలు కార్ల హారన్లకి బెదరవు, పట్నం మేకలు. ఆ చూడడంలో మునిగిపోయి పోలమ్మగారు అడిగింది వినలేదు. "ఏటమ్మా, మీ పిల్ల మూగనోము గానీ పట్టిందా? మూడు మాటలు కూడా రాల్లేదు," అందావిడ పిన్నితో, నవ్వుతూనే, కానీ నవ్వులో చిన్న ముల్లుంది. అప్పుడు అనిల్‌కుమార్ మరమరాల్లోంచి తలెత్తకుండానే అన్నాడు. "మాట్లాడకపోతే ఏటి, వింటున్నాడు కదా." అందరూ పగలబడి నవ్వారు, వింటున్నాడంట, వింటున్నాడంట అని. ఆమె నవ్వలేదు. ఇరవై నాలుగేళ్ళలో తన మౌనానికి సరైన అర్థం చెప్పిన మొదటి మనిషి, అదీ తప్పు తెలుగులో.

రైలు సరోనా దాటింది కాబోలు, వేగం తగ్గింది. రాయపూర్‌లో ఎక్కిన ముసలమ్మ ఒకతె ఒళ్ళో వంకాయల సంచి పెట్టుకుని పక్కన సర్దుకుంది, సంచిలోంచి పచ్చి వాసన. ఆ వాసనతో మళ్ళీ నది ఒడ్డు, రెండో సాయంత్రం, ప్రిన్సెప్ ఘాట్. తెల్లటి స్తంభాల మంటపం, దాని వెనక పెద్ద వంతెన, మొదటిదానిలా బరువుగా కాదు, సన్నటి తీగల మీద వేలాడుతూ. వల ఆరేసినట్టుంది గదా అని బాబాయి అన్నాడు, ఆయన తండ్రి భావనపాడు రేవులో వలలు లాగినవాడు, భిలాయిలో ఆ సంగతి ఎప్పుడూ చెప్పుకోడు. పెద్దవాళ్ళు ఐస్‌క్రీముల బండివైపు నడిచారు. నీళ్ళ మీద లాంచీలు, ఒడ్డున జంటలు, ఎవరి గొడవ వాళ్ళది. అతను రెండడుగులు ఎడంగా నిలబడి, చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి అన్నాడు. నీకేమైనా అడగాలంటే అడుగు, నాకు కూడా ఒకటి అడగాలి, ఇక్కడ అందరూ ఉన్నాడు. అంతలో లాంచీ ఒకటి కూత పెట్టింది. ఆ కూతలోనే, రేపు పొద్దున్న ఆరు గంటలకి, పూలకాడ, వస్తావా, అన్నాడు. పూలకాడ. ఎంత చక్కటి మాట అనుకుంది. ఊళ్ళో అందరూ అనే మాట, ఇంటికాడ, బావికాడ, పూలకాడ, ఖరగ్‌పూర్‌లో ఎవరు నేర్పారో ఇతనికి. తల ఊపింది. ఇన్ని చోట్లుండగా మొదటి రోజు చూపించిన ఆ పూల దగ్గరికి రమ్మన్నాడని ఆ రాత్రి లాడ్జిలో పిన్నికి చెబితే, పిన్ని తననే ఎవరో రమ్మన్నట్టు సిగ్గుపడి, నానూ వస్తాను, దూరంగా ఉంటాన్లే, నాకూ ఆ పూలబజారు చూడాలనుంది, అంది.

వెళ్ళారు. ఇంకా వెలుగు సరిగా రాలేదు, వంతెన కింద ఆ బజారు అప్పటికే సగం రోజు గడిచినట్టుంది. బంతిదండలు చుట్టలు చుట్టలుగా, మోకు తాళ్ళంత లావున, కూలీలు వాటిని మెడలో వేసుకుని పరుగెడుతున్నారు, పెళ్ళికొడుకుల దండు ఎక్కడికో ఆలస్యమైపోయినట్టు. కింద రేకులూ బురదా కలిసి కాలు జారుతోంది. లిల్లీలు కట్టలుగా, కలువలు మొగ్గలుగా, మందారాలు తడి ఆకుల్లో చుట్టి. మెట్ల దగ్గర నదిలో మునుగుతున్నవాళ్ళు. ఊళ్ళో అమ్మ వేసిన రెండు బంతి మొక్కలకి ఎన్ని పూలు పూశాయో లెక్కపెట్టి మరీ ఫోనులో చెబుతుంది, ఇది చూస్తే ఏమంటుందో. ఆరయింది, ఆరుంబావు, ఆరున్నర. నెత్తిన వంతెన ఉరుముతూనే ఉంది, బస్సులు, అడుగులు, అడుగులు. గళ్ళ చొక్కా కనబడితే ఒక అడుగు ముందుకేసేది, ఆ చొక్కాలో ఇంకెవరో ఉండేవారు. అడగాలనుకున్న మాట నాలుక మీద సిద్ధంగా ఉంది, ఒకటే మాట, నేను ఇలాగే ఉంటే నీకు ఫర్వాలేదా అని. ఏడున్నరకి పిన్ని వచ్చి పక్కన నిలబడింది. చేతిలో బారెడు బంతిదండ, బేరమాడి కొన్నది, మొహంలో మాత్రం బేరం గెలిచిన కళ లేదు. ఫోను చెయ్యనా అంటే పిన్నే వద్దంది, ఆడపిల్లోళ్ళం మనం చెయ్యకూడదే, ఆళ్ళే చెయ్యాల. తొమ్మిదింటికి వాళ్ళే చేశారు. పోలమ్మగారు పొడిగా, అబ్బాయికి ఒంట్లో బాగులేదు, ఇవాళ బొటానికల్ గార్డెన్‌కి మేం రాలేం, అంది. మరి మమ్మల్ని పూలబజారులో ఎందుకు నిలబెట్టాడు అని పిన్ని అడగలేదు, పరువు అడ్డొచ్చింది. ముగ్గురే గార్డెన్‌కి వెళ్ళారు. అంత పెద్ద తోటలో పిన్ని ఆ దండని ఎక్కడా పడేయలేక, మెడలో వేసుకోలేక, చేతికి చుట్టుకుని తిరుగుతుంటే ఒక కుర్రకారు గుంపు ఏదో ఊరేగింపు అనుకుని దారిచ్చింది. అది తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది. నిన్న మాత్రం నవ్వు రాలేదు.

చక్రాల కింద చప్పుడు మారింది, గట్టి నేల మీద చప్పుడు పోయి బోలుగా మోగింది, ఇంకా నెమ్మదించి రైలు ఆగిపోయింది. కింద ఖారూన్ నది, పేరుకి నది, హుగ్లీ పక్కన పెడితే పంటకాలవ, ఒడ్డున ఒక గేదె మోకాలి లోతులో నిలబడి ఏదో ఆలోచిస్తోంది. ఇది దాటితే కుమ్హారి, ఆ తర్వాత మనదే. పై బెర్తులో మనిషి ఫోనులో అరుస్తున్నాడు. "హాఁ భయ్యా, గాడీ ఖడీ హై. ఖారూన్ కే పుల్ పే. అరే, పుల్ పే, పుల్ పే." అవతలివాడికి వినబడడం లేదు కాబోలు, బండి వంతెన మీద ఆగిందన్న అదే మాట నాలుగుసార్లు అన్నాడు, ప్రతిసారీ కాస్త సాగదీసి, పుల్, పుల్, పూల్. గేదె తల తిప్పింది. భాగ్యరేఖ చెంప ఊచ మీంచి లేచింది. పూల్ పే. పూల్ కాడ. లోపల ఎవరో చిన్నగా తలుపు తట్టినట్టయింది, తట్టింది ఎవరా అని చూస్తే అమ్ము, శనివారాలు తను తెలుగు అక్షరాలు నేర్పే పిల్లల్లో మూడో వరసలో కూర్చునే అమ్ము. భిలాయిలో పుట్టిన పిల్లలు, హిందీలో కలలు కంటారు. ఒకసారి బోర్డు మీద పూలు అని రాసి బొమ్మ వెయ్యండర్రా అంటే అందరూ పువ్వులు వేశారు, అమ్ము మాత్రం రెండు వంతెనలు వేసి, వాటి మీద ఒక రైలు కూడా వేసింది. ఇదేమిటే అంటే, ఒకటయితే పుల్, రెండయితే పూలు కదా దీదీ, అంది ధీమాగా. ఆ రోజు రైలు బాగా వేసిందని మెచ్చుకుని తప్పు దిద్దింది. ఇప్పుడు ఎవరు దిద్దాలి? అతను పూలకాడ అనలేదు. పుల్ కాడ అన్నాడు. వంతెన దగ్గర, మొదటి రోజు రివిట్లు చూసిన వంతెన దగ్గర. తెలుగు మాట తెలియక హిందీ మాటకి తెలుగు కాడ తగిలించాడు, తను ఊరి చెవితో విని పూలన్నీ తనే పూయించుకుంది. అంటే ఆ గంటన్నరా అతను పైన. తను కింద. నెత్తిన ఉరిమిన ఆ అడుగుల్లో రెండు అతనివి, అటూ ఇటూ, ఇటూ అటూ, గళ్ళ చొక్కాతో, జేబులో పెన్ను మూత తీసి పెడుతూ. అతను కిందికి చూసి ఉంటే పచ్చటి కుప్పల మధ్య తను ఒక చుక్క. రాలేదనుకుని ఉంటాడు. రానిది నేనే అయ్యాను.

ఒక్కసారిగా నవ్వు పుట్టుకొచ్చింది, పొట్టలోంచి, భుజాలు కదిలేంత. పిన్ని నోట్లోంచి క్లిప్పు జారింది.

"ఏటే, ఏటయినాది? ఎందుకే అలగ నవ్వుతావు?"

చెప్పింది. పుల్ అన్నాడు పిన్నీ, బ్రిడ్జి అన్నాడు, నేను పూలనుకున్నాను. పిన్ని మొదట అర్థంకానట్టు చూసి, పెదాలతో రెండుసార్లు పలికి చూసుకుని, పుల్ కాడ, పూలకాడ, అని నుదురు కొట్టుకుంది. "అయ్యో నా తల్లీ, మనం కిందన బంతిదండ బేరమాడతన్నాం, ఆడు పైన కావలా కాస్తన్నాడా. అందుకేనా ఆవిడ అంత పొడిగా మాటాడీసింది." వంకాయల ముసలమ్మ ఏమిటని కళ్ళతో అడిగితే పిన్ని ఆవిడకి హిందీలో మొదలుపెట్టేసింది కూడా.

బాబాయి మాత్రం నవ్వలేదు. రైలు కదిలింది, ఆయన ఫోను చేతిలో ఆడించాడు. "మాట అటో ఇటో అయినాదే అనుకుందాం. పిల్లాడికి ఇష్టముంటే కింద కూడా ఓసారి చూస్తాడు. మనకి వైశాలి నగర్ సంబంధం ఉండనే ఉంది, ఆదివారం వస్తామన్నారు. నువ్వు నిన్న ఒద్దన్నావు గదా."

వద్దనలేదు. నేల చూశాను. ఆ రెండింటికీ తేడా ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు, అడిగినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. కిటికీలో కుమ్హారి బోర్డు పసుపురంగులో వచ్చి వెళ్ళిపోయింది, రైలు ఆగలేదు. ఇంకో పావుగంట. ఈ పావుగంటలో ఊరుకుంటే ఊరుకున్నది కూడా ఒక జవాబే అవుతుంది, అది తను ఇచ్చిన జవాబు అవుతుంది, ఆదివారం వైశాలి నగర్ వాళ్ళ ముందు కూర్చుని నేల చూస్తే దానికీ ఒక అర్థం ఎవరో చెబుతారు. బడిలో పద్యం అప్పజెప్పడానికి లేచినప్పుడూ ఇంతే, పద్యం వచ్చు, గొంతే రాదు.

"నేను వద్దనలేదు బాబాయ్," అంది. "నేను మాట్లాడతాను. ఫోనివ్వు."

త్రినాథరావు పిన్ని వంక చూశాడు. పిన్ని, ఇమ్మన్నాది గదా, ఇయ్యి, అన్నట్టు గడ్డం ఎగరేసింది. ఆయన అనిల్‌కుమార్ నెంబరు తీసి, కలిపి, ఆ ఫోనుని వేడి ఇనుము అందించినట్టు జాగ్రత్తగా చాపాడు.

మోగింది. హలో, కౌన్, అన్న గొంతు. వెనక ఏదో యంత్రం చప్పుడు, వర్క్‌షాపులో ఉన్నట్టున్నాడు. నేను భాగ్యరేఖని, అంది. అవతల యంత్రం ఆగలేదు, అతను మాత్రం ఆగాడు. నేను వచ్చాను నిన్న, అంది, మీరు పుల్ అన్నారు, నాకు పూలు అని వినబడింది, కింద పూలబజారులో ఉన్నాను ఏడున్నర దాకా. తర్వాత అతను నెమ్మదిగా, లెక్క సరిచూసుకుంటున్నట్టు, "నువ్వు కింద. నేను పైన," అన్నాడు. తర్వాత నవ్వు వినబడింది, సన్నగా మొదలై, యంత్రం చప్పుడు మీదికి లేచి. నవ్వితే ఇతను ఇలా ఉంటాడా అనుకుంది, ఆ రెండు రోజుల్లో ఒక్కసారీ వినలేదు. నవ్వయ్యాక అతను అడిగాడు, ఆ రోజు అడగాలనుకున్నది ఇదేనేమో, "మీవాళ్ళు కాదు, నువ్వు చెప్పు. నేను నీకు ఏటి?"

వాక్యం ఎక్కడో విరిగింది కానీ సగం చాలు. తన ప్రశ్న అడగనక్కర్లేదని కూడా ఆ క్షణంలోనే తెలిసింది, ఆ జవాబు మైదానంలో గడ్డి మీద ముందే ఇచ్చేశాడు.

"ఇష్టమే," అంది.

"ఆఁ? ఇస్త్రీ?"

"ఇష్టం. ఇష్టమే."

రైలు పక్క పట్టా మీంచి గూడ్సు బండి వచ్చింది, బొగ్గుతో, యాభై పెట్టెలు, ధడధడమంటూ. అతను ఏమిటేమిటి అంటున్నాడు, టవరు పోయేలా ఉంది, తెలుగులో ఇంతకన్నా చిన్నమాట లేదు. భాగ్యరేఖ లేచి నిలబడింది, రెండో చెవి మూసుకుంది, ఊళ్ళో గట్టు మీంచి అవతలి గట్టుకి పిలిచినంత గట్టిగా, "ఆప్ ముఝే పసంద్ హో," అంది, మీరంటే నాకిష్టమని. సరిగ్గా అప్పుడే గూడ్సు చివరి పెట్టె దాటిపోయింది. బోగీలో ఇంకే చప్పుడూ లేదు. పై బెర్తు మనిషి తల కిందికి వేలాడేసి చూశాడు. అటు చివర ఎవరో చప్పట్లు కొట్టారు. వంకాయల ముసలమ్మ ఆమె మోచెయ్యి నిమిరి, "బనే కహే, నోనీ," అంది, బాగా చెప్పావమ్మా అని. పిన్ని కొంగులో మొహం దాచుకుని, "ఇన్నాళ్ళకి నోరిప్పీసింది, ఇప్పినది బోగీ అంతటికీ ఇప్పీసింది," అంటోంది. బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, ఆయన మీసాల కింద ఏదో కదులుతోంది.

ఫోనులో అతను మాట్లాడలేదు. టవరు ఉంది, యంత్రం ఆగిపోయింది, ఊపిరి వినబడుతోంది. ఇంత పొడుగు నిశ్శబ్దాన్ని ఇదివరకు ఎప్పుడూ తనే పెట్టింది, ఇంకొకరు పెడితే వినడం ఇదే మొదలు, దీనికి ఏ అర్థమూ వెతకబుద్ధి కాలేదు, ఊరికే విన్నది. చివరికి అతను, "వినపడలేదు. మళ్ళీ చెప్పు," అన్నాడు.

అతను విన్నాడని ఆమెకి తెలుసు. అయినా మళ్ళీ చెప్పింది, ఈసారి తెలుగులో, గొంతు తగ్గించకుండానే.